ఎర్రంచు

సర్కారు పంచిన దోమతెరలు
ప్రాణహితల చేపలు పట్టినయ్,
వంగనారుకు కంచెలైనయ్.
సిరొంచ గోడల మీద
మరాఠీ రాత కింద నేనేసిన దోమకు
పోరగాళ్లు మీసాలు పెట్టిండ్రు.

దుర్గం లసుమక్క నవ్వింది:
"పుణ్యానికొచ్చినదానికి పరువేడిది, పేంటరన్నా?"
తెరలకు పాత చీరల ఎర్రంచు కుట్టి
అంగట్ల కూసుంది. నలభై రూపాయలు.
బేరమాడిండ్రు, తిట్టిండ్రు,
ముప్పైకి కొన్నరు.
పైసలు పెట్టి కొన్నదాన్ని నదిల ముంచుతరా ఎవలన్నా?

రెండు వానలకు నా దోమ కొట్టుకపోయింది,
మీసాలతో సహా.
లసుమక్క అంగడి మాని మూడేండ్లు.

నిన్న అంకీసల కరెంటు పోయి
ఉక్కకు వాకిట్ల మంచమేస్తే
ఓ పిల్ల పండుకోక ఒకటే గునుసుడు:
"అంచేదే అవ్వా?
ఎర్రంచు దోపలే."