కళ్ళజోడు తీసి

టోర్‌స్‌హావ్న్‌లో అక్టోబరు. మధ్యాహ్నం నాలుగింటికే
రేవులో నీళ్ళు సిరా రంగుకి తిరిగాయి.
పడవల కంపెనీ మేడ మీద గదిలో
రోయి తన కొత్త వెబ్‌సైటుని గోడమీద వెలిగించాడు.
ఆర్నెల్ల పని. గెడ్డం కూడా గీసుకొచ్చాడు.

తెర నిండా కొండ.
కొండ మెడ చుట్టూ మబ్బు.
అడుగున సన్నటి తెల్లటి అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం,
దాని చుట్టూ ఎవరూ నడవని మంచంత ఖాళీ.
ఎవరో "అబ్బ" అన్నారు.
నేనే అనుకుంటాను.

"అబ్బ" అన్నందుకు నాకెవరూ జీతమివ్వరు.
జోడు తీసి బల్లమీద పెట్టాను.

మైనస్ ఏడు నాకు. జోడు తీస్తే లోకం
వానలో తడిసిన ఉత్తరం.
పేర్లు చెరిగిపోతాయి, అంకెలు అలికిపోతాయి,
ఏది బరువు, ఏది తేలిక
అంతవరకే తెలుస్తుంది.
దీనికి చదువుకున్నవాళ్ళు పెట్టిన పేర్లు చాలా ఉన్నాయి.
మా నాన్న చేపల వేలంలో కళ్ళు మూసుకుని
తోక పట్టి ఎత్తి చూసేవాడు.
నాకు తెలిసిన విద్య అదే.

"ఏం కనిపిస్తోంది, మార్యున్?"

"నారింజ రంగు ముద్ద. కుడిపక్క, పైన.
ఎటు తిప్పినా నా చూపు అక్కడికే జారుతోంది.
నీరు పల్లమెరుగు కదా."

జోడు పెట్టుకుని చూశాను:
ఉన్ని స్వెటర్లు, ఇరవై శాతం తగ్గింపు.

"మరి పడవ ఎన్నింటికి?"
రోయి మాట్లాడకుండా పేజీని పైకి తోశాడు. ఇంకా తోశాడు.
కొండ పాదం దాటి,
పళ్ళన్నీ చూపిస్తున్న ముగ్గురు యాత్రికుల్ని దాటి,
బూడిద మీద బూడిద రంగులో
చీమల బారులా ఇవాళ్టి వేళలు.

"ఖాళీ ఉంటేనే పేజీకి ఊపిరాడుతుంది" అన్నాడు.
నిజమే. ఆ ఖాళీ నాకూ నచ్చింది.
కానీ ఊపిరి ఎవరికి ఆడాలి, రోయి?
నీ కొండకా,
రేవులో పసిపిల్లని ఎత్తుకుని
ఒంటి చేత్తో ఫోను తడుముతున్న మనిషికా?
ఇది పైకి అనలేదు. కాగితం మీద రాసుకున్నాను.
కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాను.

అప్పుడే సున్వా వచ్చింది, టికెట్ల కిటికీ నుంచి,
కోటు నుంచి నీళ్ళు కారుతూ.
"గాలి లేచింది. ఐదున్నర పడవ లేదు."
గోడమీది కొండని ఆమె చూడనేలేదు.
ప్రింటరులోంచి ఒక కాగితం లాగి,
లావు మార్కరు మూతిని పళ్ళతో ఊడదీసి
5:30 అని రాసి, అడ్డంగా ఒకే గీత గీసింది.
ఆ గీత చప్పుడు నాకింకా వినిపిస్తోంది.

మేమూ దిగి వెళ్ళాం, ఎందుకో.
అద్దం తలుపుకి కాగితం అంటించి
ఆమె వానలోకి నాలుగడుగులు వెనక్కి వేసింది.
తల వంచి చూసింది. తిరిగొచ్చి
జానెడు ఎడమకి జరిపింది, పిడి అడ్డు రాకుండా.
మళ్ళీ వెనక్కి. మళ్ళీ చూపు.
అంతే. చేతులు కోటుకి తుడుచుకుంది.

దూరాన దీపస్తంభం దగ్గరే
టోపీలు దించుకున్న ఇద్దరు ముసలివాళ్ళు ఆగారు,
దగ్గరికి రాకుండానే ఇళ్ళవైపు తిరిగారు.
నేను జోడు తీశాను.
తలుపు కరిగింది, సున్వా కరిగింది, రేవంతా కరిగింది.
తెల్లటి చతురస్రం, నల్లటి దెబ్బ
ఉన్నచోటే ఉన్నాయి.
రోయి నా వైపు చూడలేదు.
చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చలికి కావచ్చు.

మర్నాడు కొత్త పేజీ పంపాడు.
వేళలు పైకొచ్చాయి, పిడికిలంత అక్షరాల్లో.
స్వెటర్లు మూలకి పోయాయి.
కొండ మూడో వంతుకి కుదించుకుని
బస్సులో చోటిచ్చిన మనిషిలా కూర్చుంది.
"ఇప్పుడు మరీ అరుస్తోంది, ఒక మెట్టు తగ్గించు" అని రాశాను.
తగ్గించాడు. సంతకం పెట్టాను.

పాత పేజీ బొమ్మని మాత్రం నేను చెరపలేదు.
కొన్ని రాత్రులు ఫోనులో తెరిచి చూసుకుంటాను,
ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేనప్పుడు,
జోడు పెట్టుకునే.