పై వరస

ఇంటర్వ్యూలు లాసన్స్ బేలో,
రాజుగారి గెస్ట్‌హౌస్ మేడ మీద.
నేను కబడ్డీ మేట్లు పరిచేవాణ్ణి.
సీజన్ లేనప్పుడు టీలు అందిస్తాను.

మొదటాయన ల్యాప్‌టాప్ తెచ్చాడు.
గోడ నిండా రంగురంగుల బాణాలు,
మన రైడర్ కుడికాలు ముందేస్తే ఎంత శాతం,
ఎడమకాలేస్తే ఎంత.
రాజుగారు బాణాలు చూడలేదు, బూట్లు చూశారు.
"బీచ్‌కెళ్ళొచ్చారా? ఇసకుంది."
అంతే, ఆ ఇంటర్వ్యూ అయిపోయింది.

రెండో ఆయనది సోనీపత్.
ఎంత గట్టిగా చెయ్యి కలిపాడంటే
సారు ఉంగరం సారు వేలికే నొక్కుకుంది.
లిఫ్ట్ దాకా దిగబెట్టి వచ్చి
ఆ వేలే చూసుకుంటూ
"మనిషంటే ఇలా ఉండాలి" అన్నారు.

మూడో ఆయన మీసం ఒకప్పుడు అగ్గిపెట్టెల మీద ఉండేది.
సోఫాలో కూర్చునే పాత ఫైనల్ మొత్తం ఆడి చూపించాడు,
టీ చల్లారిపోయింది.
అల్లుడుగారు సెల్ఫీ తీసుకున్నారు.

పోయినేడాది కోచ్ అరిచేవాడు,
అందుకని ఈసారి అరవనివాడు కావాలి.
అంతకు ముందాయన అరిచేవాడు కాదు,
అందుకే అరిచేవాణ్ణి తెచ్చారు.
ఎడం చెప్పు కరిచిందని
కుడి చెప్పు మార్చినట్టు.
ఎనిమిదేళ్ళలో ఆరుగురు.
మేట్లు మాత్రం అవే.

రాజుగారిది రొయ్యల వ్యాపారం.
ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారగట్ల పాట జరిగేటప్పుడు
మా అమ్మ గంప పక్కన నిలబడి చూశాను నేను.
పై వరసలో బొటనవేలంత టైగర్లు పేరుస్తారు.
కింద చిన్నవి, మెత్తబడ్డవి,
అడుగున ఐసు.
కొత్తవాళ్ళు పై వరస చూసి పాడతారు.
రాజుగారు చొక్కా చెయ్యి మడిచి
మోచేతి దాకా గంపలోకి దింపేవారు.
అడుగునుంచి ఒకదాన్ని లాగి
తల విరిచి వాసన చూసేవారు.
ఆ చెయ్యంటే అమ్మకి భయం. గౌరవమూను.

అదే చెయ్యి ఇప్పుడు
సోఫా మీద ఊరికే పడుంది.
మనిషికి అడుగెక్కడో,
ఓడిన రాత్రి ఎలా నిద్రపోయాడో
ఏ మోచెయ్యి దిగి తెలుసుకుంటుంది?

గొలగాని అప్పలసూరిని ఎవరూ పిలవలేదు.
రైల్వేకి ఆడినోడు, మా అసిస్టెంటు.
కోచ్‌ని తీసేసిన ప్రతిసారీ
"తాత్కాలికం" అని విజిల్ ఇచ్చేది ఈయనకే.
పోయినసారి ఏడింట్లో అయిదు గెలిపించాడు.
ఆ నెల్లో కుర్రాళ్ళు పడుకునే ముందు
ఎవరూ అడక్కుండానే ఫోన్లు తెచ్చి
ఆయన బల్ల మీద పెట్టేవారు.

ఆగలేక, కప్పులు తీస్తూ అనేశాను,
"సూరి బాబు ఉన్నాడు కదండీ."
రాజుగారికి కోపం రాలేదు, నవ్వారు.
"ఆడు మనోడేరా. ఎక్కడికెళ్తాడు?"

కప్పులు కడుగుతుంటే లెక్క తేలింది.
ఇంటికని పక్కన పెట్టిన చేపకి
పాట ఉండదు, ధరా ఉండదు.

సోనీపత్ ఆయనే వచ్చాడు.
సోమవారం దండలు, డప్పులు, ఫొటోలు.
మంగళవారం పొద్దున్న ఆరింటికి
సూరి బాబు ఆయన్ని మేట్ మూలకి తీసుకెళ్ళి
పాదంతో నొక్కి చూపించాడు.
తనకొచ్చిన రైల్వే హిందీలో,
"ఇది జారుద్దండీ. సముద్రం గాలికి చెమరుస్తాది.
ఎడం కార్నర్ గుంటడికి ముందే చెప్పాల."

కెమెరా వాళ్ళు పిలుస్తున్నారు.
ఆయన వెళ్ళలేదు.
మోకాళ్ళ మీద కూర్చుని
అరచెయ్యి మేట్‌కి ఆనించి
కొంచెంసేపు అలాగే ఉంచి
ఎత్తి, తడి చూసుకున్నాడు.

రాజుగారి వేలు నొక్కిన చెయ్యే అది.
ఆయనకి ఇది తెలీదు, ఎంచినప్పుడూ తెలీదు.

సూరి బాబు మొహం ఎలా ఉందో నేను చూళ్ళేదు.
పొడిగుడ్డ తేవడానికి పోయాను.