రెండు కప్పులు

తెర అడుగున నాకిచ్చిన జాగా రెండు వరుసలు.
వరుసకి ముప్ఫై ఏడక్షరాలు, మూడు సెకన్లు.
ఆలోగా చదివేవాడు చదివేయాలి,
ఏడ్చేవాడు ఏడ్చేయాలి.
అమ్మాన్‌లో, లువైబ్దే కొండ మీద, మూడో అంతస్తు.
గ్యాస్ బండి పాట వాయించుకుంటూ సందు దాటేదాకా
హెడ్‌ఫోన్స్ తియ్యను.

ఇంగ్లీషువాళ్ళ వాన పిల్లులై కుక్కలై కురుస్తుంది.
ఉన్నదున్నట్టు రాస్తే జనం సోఫా కింద వెతుక్కుంటారు.
తోలుతిత్తుల మూతులు విప్పినట్టు, అని
మాకూ ఒక మాట ఉంది, ఎడారి నాటిది.
చిక్కు మాటలో లేదు.
సినిమాలో ఆమె ఆ మాట మొహం చిట్లించి అంటుంది.
ఇక్కడ మాకు మంగళవారం ఒక్కరోజే నీళ్ళు.
మిద్దె మీద తొట్టి నిండే చప్పుడుకి
చంటిపిల్లలు కూడా లేచి కూచుంటారు.
చినుకు పడితే ఖైర్ అంటాం, మేలు కురుస్తోందని.
మేలుని చూసి విసుక్కునే మనిషిని
మావాళ్ళ ముందు ఎలా నిలబెట్టను?
తిత్తులే రాశాను.
విసుగు సంగతి ఆమె గొడుగు చూసుకుంటుందని వదిలేశాను.

ఇంకో రీలులో ముసలి టీచరమ్మ
నా గుండె వెచ్చబడింది అంటుంది. చలిదేశం మనిషి.
మాకు సంతోషమైతే ఛాతీ మీద మంచు పడుతుంది.
అదే రాశాను.
లుఅయ్, నా పని దిద్దే కుర్రాడు, ఎర్రగీత కొట్టాడు:
"ఒరిజినల్లో మంచు లేదు."
"ఒరిజినల్లో మన ఆగస్టు కూడా లేదు, నాయనా."

సోమవారం సాయంత్రం నజ్మియ్య పిన్ని వచ్చింది.
ఇంగ్లీషు రాదు. అరబ్బీ మాట్లాడ్డమే గాని
అక్షరం గుర్తుపట్టదు.
అంటే ఇరవయ్యేళ్ళ నా చాకిరీలో
ఒక్క వరుస కూడా ఆమెకి చేరలేదు.
బీన్స్ తుంచుకుంటూ నా వెనక కూచుంది.

తెర మీద వంటిల్లు. ఒక మగమనిషి, స్పీకర్లో కూతురు.
ఐయామ్ ఫైన్, అన్నాడు.
నేను "అన బిఖైర్" కొట్టాను. క్షేమంగా ఉన్నాను.
ఎనిమిదక్షరాల పని. తరవాతి దానికి పోబోతున్నాను.

"ఏమంటున్నాడు?"
"బాగున్నాట్ట."
"ఎవడూ, వీడా?
రెండు కప్పులు కడిగి ఒకటే బోర్లించాడు.
రెండోది వదల్లేకుండా ఉన్నాడు, చూడు."

పదకొండుసార్లు చూశాను ఆ సీను.
చూశానా? విన్నాను. అంతే.

కష్టంలో ఉన్నవాడు మా దగ్గర
ఏ స్థితిలోనైనా అల్లాకి స్తుతి, అంటాడు.
రాయబోయాను. లుఅయ్ ఫోన్లోనే పట్టుకున్నాడు:
నలభయ్యో నిమిషంలో దేవుడు లేడన్నాడుగా ఈయన!
అన్నాడు. నిజమే.

అప్పుడు తట్టింది, పొద్దున్న కూరగాయలాయన అన్న మాట,
మూణ్ణెల్లుగా జీతం లేని పక్కింటి పంతులు అనే మాట:
మాషీ అల్ హాల్.
స్థితి నడుస్తోంది.
ఎటో అడక్కు. ఎవరి కాళ్ళ మీదో అడక్కు.
ఏదో, నడుస్తోంది.

"అది వీధి మాట. ఛానల్‌కి గ్రాంథికమే కావాలి."
"కడిగిన కప్పు కింద పెట్టలేనివాడు
గ్రాంథికం మాట్లాడతాడా, లుఅయ్?"
అవతల చాలాసేపు ఏమీ లేదు.
తరవాత, "మా నాన్న కూడా అంతే అంటాడు,
కానీ ఛానల్‌వాళ్ళు మార్చేస్తారు" అన్నాడు.
మారుస్తారు.
పన్నెండు కొట్టేలోగా ఫైలు పంపేశాను.

పిన్ని బయల్దేరింది.
బీన్స్ సగం నాకే వదిలేసింది, తుంచినవి.
మెట్ల లైటు మళ్ళీ పోయింది.
నీ మోకాలెలా ఉంది, పైనుంచి అడిగాను.

ఆమె గోడ పట్టుకుంది.
ఒక మెట్టు దిగింది.