రెండో రకం

హన్మకొండ చౌరస్తాల, మెట్ల కింది స్కానింగ్ సెంటర్ల
రిపోర్టులు కొట్టేది నేనే.
పొద్దుట్నుంచి తొమ్మిది కడుపులు.
ఆరింటికి ఒకటే వాక్యం.
పేరు మార్చి, వయసు మార్చి అతికిస్త.

పదోది ఓదెలు కడుపు.
ఎనుమాముల యార్డుల హమాలి.
సల్లటి జెల్ పూయంగనే ఉలిక్కిపడి నవ్విండు,
అంగీ లేపితే గదినిండ తేజ మిర్చి కోరు.
డాక్టర్ నుస్రత్ రెండు తుమ్ములు తుమ్మి
తెర మీద తెల్లగ మెరుస్తున్న కాలేయాన్ని సూసి
"మందు ఎంత తాగుతవ్?" అన్నది.
"ముట్టనమ్మ. కల్లు గూడ ముట్ట.
మా బామ్మర్ది గూడ నమ్మడు."

నేను కొట్టిన: గ్రేడ్ టూ.
తొంగి సూసిండు.
"రెండో రకమా? తాలు గాదు గద?"

అప్పుడు కనపడ్డది పిక్క మీద పట్టీ.
కొక్కెం జారి దిగిందట, ఆరేండ్లాయె.
ఎండుతది, మల్ల చెమ్మగిల్లుతది.
చిగుళ్లు గూడ అంతే, పుల్ల ఏస్తే నెత్తురు.
నొప్పి లేదు గద అని బస్తా ఎత్తుతనే ఉన్నడు.

మా నాయిన అదే యార్డుల దడ్వాయి.
ఒక యేడు ఫాల్గుణంల, మొగులు సాఫుగున్నా
ఎవడో అరిసిండట: వానొస్తుంది!
కాంటాలు ఆగినయి.
ఆరబోసినయి ఆరకముందే కుక్కి
బస్తా మీద బస్తా షెడ్ల కిందికి గుంజిండ్రు.
బయట లారీలు ఖాళీగ నిలబడ్డయి,
ఎత్తేటోడు లేడు, పంపేటోడు లేడు.
వాన రాలే.
మూడో రోజు షెడ్డు లోపల చెయ్యి పెడితే
కాయ కాయ ఉడుకుతున్నది.
ఆవిరి సూసి మల్ల ఒకడు అరిసిండు: నిప్పు!

లోపల గూడ గిట్లనే అంటది నుస్రత్.
పుండు కాడ కావలి కాసే కణాలు కేకేస్తయి.
ఆ కేకలకు పొడుగు పొడుగు పేర్లు,
నాకు వాటి స్పెల్లింగు తెలుసు, ముఖం తెలువది.
నెత్తురెంట పొయ్యి అవి బొర్ర కొవ్వును తడ్తయి:
మూటలిప్పు.
కాలేయాన్ని తడ్తయి:
దించుకో, కొత్తది గూడ వండు.
కాల్చకు. దాచు. లడాయి వచ్చింది.
ఇన్సులిన్ తలుపు కొట్టి సాలు సాలు అంటది,
వినే చెవి మొద్దుబారింది.

నాలుగు దినాల జరానికి పెట్టుకున్న కట్టుబాటు.
జరమొస్తది, ఒళ్లు కొట్లాడ్తది,
చెమట పట్టి దిగుతది, కట్టుబాటు ఎత్తేస్తది.
ఆరేండ్లు దిగని జరం ఉంటదని
ఏ ఒంటికి ఎవలు చెప్పిండ్రు?
థర్మామీటర్ కు అందనంత సన్నటి సెగ,
ఊక కింద నిప్పు.
పేరుకున్న కొవ్వు గూడ ఉడికి ఉడికి
ఆఖరుకు అదే అరుసుడు మొదలువెడ్తది.
కాలేయానికేమో నొప్పి తెలువది.
సుంకం అడగని గుమాస్తా తీరు
వచ్చిందల్లా రాసుకుంటది.

"పుండొక్కటే అని నేను చెప్పలేను,"
నుస్రత్ చేతులు కడుక్కుంట అన్నది,
"మూడు పూటల బియ్యముంది, ఆ బొర్ర ఉంది,
రాత్రి లోడింగుల నిద్ర లేకపోవుడుంది.
కానీ ముందు ఆ కాలు సూపియ్యి. షుగరు సూపియ్యి.
పళ్ల డాక్టరు దగ్గరికి పో."
"కడుపు స్కానుకు పళ్లెందుకమ్మా" అన్నడు గని
నాలికతోని చిగురును తడుముకున్నడు.

ఆమె పదకొండోదాన్ని పిలిచింది.
ఓదెలు నా బల్ల కాడికి వచ్చిండు.
"మేడం, జర తెలుగుల రాయి.
తాగుడుతోని గాదని రాయి.
బామ్మర్దికి సదువొస్తది."

అట్ల రాసే గడి నా ఫారంల లేదు.
నుస్రత్ దిక్కు సూసిన, తలూపింది.
రిపోర్టు అడుగున పెన్నుతోని రాసిన:
మద్యం అలవాటు లేదని చెప్పినాడు.
చెరిపి,
మద్యం అలవాటు లేదు
అని రాసిన.

సంతకం సుట్టూ జెల్ మరక.
కాగితం నాలుగు మడతలు వెట్టి తువ్వాల కొంగుల కట్టి
"రెండు గంటల కాంటాకు అందుతనా?" అనుకుంట
కుంటుకుంట మెట్లెక్కిండు.
నాకు ఇంకా తుమ్ములు ఆగలే.