పొగమంచుకి ఎన్ని ఇటుకలు

సాల్టర్స్ ఎండ్ అనే ఊరు ఏ పటంలోనూ లేదు.
ఉన్నదల్లా మా అన్న పాత గేమ్ డిస్క్‌లో.
ఆ డిస్క్ మీద గీత పడి పదకొండేళ్లయింది.
అందుకే ఊరిని ఇప్పుడు
వంటింటి బల్ల మీద కడుతున్నాను.

పగలంతా క్లాక్స్‌విక్ చేపల ఫ్యాక్టరీలో
కాడ్ చేపల ముళ్లు తీస్తాను.
రాత్రి అవే వేళ్లతో గోరంత ఇటుకల్ని
బుడిపె మీద బుడిపె నొక్కుతాను.
టక్. టక్.
ఇల్లంతా పడుకున్నాక ఆ చప్పుడొక్కటే మేలుకుని ఉంటుంది.

బూడిద రంగు చాల్లేదు.
మేనకోడలు రన్వా తన కోటని ఇచ్చేసింది.
"రాజుకి వేరే ఇల్లు చూస్తాలే" అంది.
కోట బూడిద ఒకటి, నేను కొన్న బూడిద ఒకటి.
పాతది కాస్త పసుపు తిరిగింది,
కొత్తది చలేసినట్టు నీలంగా ఉంది.
రెండూ కలిస్తే గోడ మీద
వాన వెలిశాక ఆరుతున్న మరకలా కుదిరింది.
అనుకుని చేసింది కాదు.

చర్చికి నాలుగొందల పన్నెండు పట్టాయి.
లైట్‌హౌస్ తెల్లవి లేక సగంలో ఆగింది.
ఆస్పత్రికి ఇరవై ఆరు కిటికీలు,
వెలిగేది ఒక్కటే. ఏదో నాకు తెలుసు.
చెప్పను.

చిక్కంతా మనుషుల దగ్గరొచ్చింది.
ఈ బొమ్మలన్నీ నవ్వుతాయి.
ఊరు ఊరంతా చచ్చి తిరుగుతుంటే
పెళ్లివారిలా ఇకిలిస్తాయి.
చివరికి తలలు వెనక్కి తిప్పాను.
వెనక ఏమీ గీసి ఉండదు.
నున్నటి పసుపు. కళ్లు లేవు, నోరు లేదు.
అప్పుడు మాత్రం, నిజం చెప్తున్నా,
లేచి ఇంకో దీపం వేసుకున్నాను.

ఇంక ఆ తలుపు.
బేకరీ పక్క సందులో ఎర్ర తలుపు.
గేమ్‌లో ఎన్నిసార్లు నొక్కినా
'తాళం పాడైంది' అని వచ్చేది, అంతే.
వెనక ఏముందోనని ఎన్ని రాత్రులు దొర్లానో.
ఏమీ లేదు. గోడ మీద అంటించిన బొమ్మ.
ఇటుకలతో అలా కుదరదు.
గోడ కడితే దానికి వెనక వైపు ఉండి తీరుతుంది,
ఏదో ఒక గది ఒప్పుకోవాల్సిందే.

బారెంట్స్ సముద్రం నుంచి ఆరు వారాలకి
తోరాల్వ్ వచ్చాడు. సంచి దించకుండానే చూశాడు.
"చర్చి కుడివైపు కదా?"
"ఎడమే."
"కుడి."
కాసేపు ఇద్దరం పన్నెండేళ్లకీ పదిహేనేళ్లకీ దిగిపోయాం.
అప్పట్లో కంట్రోలర్ వాడిది, మ్యాప్ నాది.
"ఎడమకి, ఇంకా, ఆగు" అనేదాన్ని, వాడు నడిచేవాడు.
భయం నా వంతు, ధైర్యం వాడి వంతు. అదీ మా పంపకం.
"నేను కళ్లు మూసుకునేవాణ్ణి"
అన్నాడిప్పుడు, కాఫీలోకి చూస్తూ.
"నీ గొంతు పట్టుకుని నడిచేవాణ్ణి.
చర్చి ఎటుందో నాకేం తెలుసు."

మా దీవుల్లో పొగమంచుకి చాలా పేర్లు.
కొండ నడుముకి చుట్టుకునేదొకటి,
రేవులో కూర్చుని లేవనిదొకటి.
గేమ్‌లోది వేరు. ఆ పాత యంత్రం
దూరం గీసే ఓపిక లేక ముసుగేసింది.
నా బల్ల మీద ముసుగు లేదు.
ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడే ఊరికి
ఎవరు భయపడతారు?
దూది పెట్టాను, గొర్రె పడుకున్నట్టుంది.
కెటిల్ ఆవిరి పట్టాను, చర్చికి చెమటలు పట్టాయి.

మర్నాడు తోరాల్వ్ గాజులాంటి ఇటుకలు ఏరి
పడవ రంగు గోకే గరుకు కాగితంతో
ఒక్కొక్కటే రుద్దాడు. మాట్లాడలేదు.
గీత మీద గీత. వాటి చూపు పోయింది.
సాయంత్రానికి దోసెడు మంచు.
వీధి చివర నిలబెట్టాం. లైట్‌హౌస్ మాయమైంది.
సగమే కట్టానని ఇంకెవరికీ తెలియదు.

రన్వా మాకన్నా ముందే లేచి
తన రాజుని తెచ్చి
ఎర్ర తలుపు వెనక గదిలో పడుకోబెట్టింది.
కిరీటం తీసి పక్కన పెట్టింది.
ఇల్లు దొరికిందట.
తల మాత్రం తిప్పలేదు,
ఆ చీకట్లో కూడా నవ్వుతూనే ఉన్నాడు.

పైకప్పు నేనింకా మూయలేదు.