తలల లెక్క

ప్రతి కంచె మెట్టు దగ్గరా ఆగి
లవ్‌డే ట్రెవాస్కిస్ మమ్మల్ని లెక్కపెడుతుంది.
వేలు చూపించదు, గడ్డంతోనే,
గొర్రెల్ని దొడ్లోకి తోలే మనిషిలా.
పదకొండు.
"పదండి" అంటుంది. ఆ తర్వాతే నడక.

కార్న్‌వాల్ ఉత్తరపు ఒడ్డు.
రాత్రి వాన దారిలో ఇంకా కాలువ కట్టే ఉంది.
ముళ్లపొదల పసుపు పూలు
ఎండ తగిలినప్పుడల్లా పచ్చికొబ్బరి వాసనేస్తున్నాయి.
ఎడమ చేతివైపు గొర్రెలు,
కుడి చేతివైపు ఏమీ లేదు.
ఏమీ లేదంటే, మూడొందల అడుగుల కింద
అట్లాంటిక్.

మొదటి మైలంతా కబుర్లే.
డెంజిల్ మోకాలి ఆపరేషను,
కెరెన్సా అమ్మేసిన పడవ, కొన్నవాడి పిసినారితనం.
రెండో లోయ దిగి ఎక్కేసరికి
ఎవరి మాటలు వాళ్ల జేబుల్లోకి వెళ్లిపోయాయి.
బండల మీద చేతికర్రల టకటక,
ఎవరిదో ఈల వేస్తున్న ముక్కు.

మ్యాపులో దారి నేరుగా పోతుంది.
నేలమీది దారి మాత్రం
నిరుడు చలికాలం సముద్రంలోకి దిగిపోయింది.
అంచున ఒక బెంచీ, సగం గాల్లో,
ఎవరి జ్ఞాపకార్థమో.
పేరు చెక్కిన పక్క నీళ్లవైపు తిరిగింది.

పొలంలోంచి చుట్టు తిరిగి
తీగ పట్టుకుని ఒకరి వెనక ఒకరం దాటాం.
అవతల లెక్క: పన్నెండు.
మళ్లీ లెక్కపెట్టింది. పన్నెండే.
"తగ్గితే వెతకడం నేర్పారు గానీ
ఎక్కువైతే ఏం చెయ్యాలో చెప్పలేదే" అంది లవ్‌డే.

అందరికంటే వెనక, నారసంచీ భుజానేసుకుని
ఒక ముసలాయన. ఎప్పట్నుంచి ఉన్నాడో.
"పాస్కో" అన్నాడు, "నేనూ అటే."

పాడుబడ్డ తగరపు గని పొగగొట్టం నీడలో
అందరం పేస్టీలు విప్పాం.
"నేను పనిచేసింది ఇక్కడే" అన్నాడాయన,
"ఇక్కడంటే అదిగో, అక్కడ."
ఎండ్రకాయల పడవ ఊగుతున్న చోటు చూపించాడు.
"సముద్రం కింద.
తుఫాను రోజుల్లో నెత్తిమీద బండలు దొర్లేవి, వినపడేది.
దాని అడుగుపక్క నాకు బాగా తెలుసు.
పైపక్కే ఇంకా అలవాటు కాలేదు,
అందుకని రోజూ వస్తా."

కాసేపు నమిలి, లవ్‌డే వంక చూశాడు.
"మాకూ లెక్కుండేది, అమ్మాయ్.
దిగేముందు ఇత్తడి బిళ్ల తీసుకోవడం,
ఎక్కాక కొక్కేనికి తగిలించడం.
ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా
ఎవరూ ఇంటికి కదిలేవాళ్లం కాదు."

మూడో కంచె దగ్గరో, నాలుగో కంచె దగ్గరో
ఎర్రకాళ్ల కాకులు రెండు గాలికి ఎదురీదుతుంటే
అందరం తలలెత్తి చూస్తున్నాం.
ఆయన ఎటు మళ్లాడో ఎవరూ చూడలేదు.

కార్లు నిలిపే చోట సాయంత్రం బస్సు సిద్ధంగా ఉంది.
లవ్‌డే గడ్డం ఎత్తింది.
పదకొండు.
పొద్దున వచ్చింది పదకొండుమందిమే.
లెక్క సరిపోయింది.

ఎవరమూ బస్సెక్కలేదు.
డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.
డెంజిల్ వంగి, ముడి ఊడని బూటుకి
మళ్లీ ముడేసుకుంటున్నాడు.