గాలి బరువు

డాబాగార్డెన్స్ మేడమీది కొట్టులో
గ్రాఫిక్స్ కార్డుకే డబ్బంతా అయిపోయింది.
మిగిలిన పద్దెనిమిది వందల్లో
పవర్ సప్లై ఏదో ఒకటిమ్మన్నాను.
లోపలుండేదాన్ని ఎవరు చూడొచ్చారు?

మా గౌరినాయుడు మావ
హార్బర్లో క్రేన్ నడుపుతాడు.
డబ్బా అందుకుని
కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపాడు.
"ఏటిరా, బరువే నేదు?"

ఏడొందల యాభై వాట్లని రాసుంది, చూపించాను.

"మా క్రేన్ మీదా నలభై టన్నులని రాసుంటాది.
ముప్ఫై దాటితే నానెత్తను.
సముద్రం మీంచి గాలొస్తాదిరా,
గాలి బరువు ఎవుడూ రాయడు."

కొట్టు కుర్రాడు నవ్వాపుకుని
కింది అరలోంచి ఇంకోటి తీశాడు.
కార్డులో ఒక మెట్టు దిగాను.
ఆ నల్ల ఇటుకని
కంచరపాలెం దాకా బస్సులో
చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాను.

నిన్నరాత్రి ఈదురుగాలి.
ట్యూబ్‌లైటు రెండుసార్లు రెప్పలార్చింది,
ఫ్యాను మూలిగింది,
పక్కింటి టీవీలో అత్తగారి తిట్టు సగంలో తెగింది.
నా ఆటలో రాక్షసుడు మాత్రం తడబడలేదు,
తీరిగ్గా నన్ను చంపాడు.

డబ్బాలో అన్నీ రంగులీనుతుంటే
అడుగునున్నది ఒక్కటే
చీకట్లో వెచ్చగా ఊపిరి వదుల్తోంది.

కిటికీ తీశాను.
ఉప్పువాసన. దూరంగా హార్బరు దీపాలు.
మావకి నైట్‌డ్యూటీ.
ఎంత బరువు ఎత్తుతున్నాడో,
ఎంత వదిలేస్తున్నాడో.